పెట్ సీటీ స్కాన్ ఎక్కడ చేయించాలి? పిన్నికి రెండు సెంటర్లలో చేయించాక రాస్తున్న రివ్యూ

హైదరాబాద్ లో పెట్ సీటీ స్కాన్ ఎక్కడ చేయించాలి అని ఎవర్ని అడిగినా రెండే రకాల జవాబులు వస్తాయి, ఒకటి రేటు, రెండోది "వాళ్ళ దగ్గర లేటెస్ట్ మిషన్ ఉందండి". రేటు సంగతి నేనూ చెప్తాను గానీ మిషన్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసినప్పుడు వాళ్ళు మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడిగారో చూడండి, ఎక్కువ ప్రశ్నలతో విసిగించిన చోటే చేయించుకోండి. ఎందుకలా అంటున్నానో కింద అంతా రాశా, పొడుగ్గానే ఉంటుంది, స్కాన్ కి వెళ్ళేవాళ్ళు ఓపిగ్గా చదవండి, మిగతావాళ్ళు వదిలేయొచ్చు.

మా పిన్నికి లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్, బి సెల్ రకం. వాళ్ళది భీమవరం దగ్గర పల్లెటూరు, ట్రీట్‌మెంట్ మాత్రం హైదరాబాద్ లో, ఉండేది కూకట్‌పల్లిలో మా ఇంట్లో. కీమో మొదలెట్టే ముందు ఒక స్కాన్, కీమో సగంలో ఒకటి, అంతా అయ్యాక ఒకటి. మొదటిదీ చివరిదీ ఒక సెంటర్ లో అయ్యాయి, మధ్యలోది వేరే చోట, ఎందుకంటే అప్పుడు మొదటి సెంటర్ లో మిషన్ రిపేర్ లో ఉంది. పేర్లు రాయను, మెసేజ్ పెట్టి అడిగినా చెప్పను. మొదటిది ఒక సందులో పాత బిల్డింగ్ లో ఉంటుంది కాబట్టి సందు సెంటర్ అంటాను, రెండోది మెయిన్ రోడ్డు మీద అంతా అద్దాలే, దాన్ని అద్దాల సెంటర్ అంటాను.

ముందు అసలు ఈ స్కాన్ ఏంటో తెలిస్తే నా గోల అర్థమవుతుంది. మామూలు సీటీ, ఎంఆర్ఐ ఒంట్లో ఏది ఎక్కడ ఏ ఆకారంలో ఉందో చూపిస్తాయి. పెట్ స్కాన్ చూపించేది ఆకారం కాదు, ఏ కణజాలం ఎంత చక్కెర తింటోందో అది. 1920ల్లో బెర్లిన్ లో ఒటో వార్‌బర్గ్ అనే ఆయన కణితి ముక్కల్ని పల్చగా కోసి లాబ్ లో పెట్టి చూస్తే, ఆక్సిజన్ బాగానే అందుతున్నా సరే అవి గ్లూకోజ్ ని విపరీతంగా లాగేసి లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తున్నాయి, మామూలు కణజాలం అంతలా చెయ్యదు. ఆయనకి 1931లో నోబెల్ వచ్చింది గానీ అది దీనికి కాదు, కణాలు ఊపిరి తీసుకోడానికి వాడే ఎంజైమ్ మీద చేసిన పనికి. ఈ చక్కెర సంగతి అప్పటికి లాబ్ లోనే ఉండిపోయింది, రోగి మంచం దాకా రావడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది.

ఎలా వచ్చిందంటే, గ్లూకోజ్ లో రెండో కార్బన్ దగ్గర ఉండే ఓహెచ్ ని తీసేసి అక్కడ రేడియోధార్మిక ఫ్లోరిన్ 18 పెడతారు, దాన్నే ఎఫ్‌డీజీ అంటారు, మీ బిల్లులో కూడా ఈ పేరే ఉంటుంది. కణానికి తేడా తెలీదు, గ్లూకోజే అనుకుని లోపలికి లాక్కుంటుంది, హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ దానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఆ తర్వాతి ఎంజైమ్ దగ్గరికి వచ్చేసరికి కావాల్సిన ఓహెచ్ అక్కడ లేదు కాబట్టి పని ఆగిపోతుంది. ఫాస్ఫేట్ తగిలింది కాబట్టి బయటికీ రాలేదు. లోపలికి రానిచ్చి గొళ్ళెం పెట్టేసినట్టే. ఎక్కడ ఎక్కువ తింటే అక్కడ ఎక్కువ పోగవుతుంది, ఆ ఫ్లోరిన్ నుంచి పాజిట్రాన్ అనే, ఎలక్ట్రాన్ కి వ్యతిరేకమైన కణం వస్తుంది, అది అక్కడికక్కడే ఒక ఎలక్ట్రాన్ ని ఢీకొని రెండూ మాయమై, రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కుల్లో వెళ్తాయి, మన చుట్టూ ఉండే రింగు ఆ జంటల్ని పట్టుకుని అవి ఎక్కడి నుంచి బయల్దేరాయో లెక్కేస్తుంది. పెట్ అంటే అంతే, దాంతో పాటే అదే మిషన్ లో సీటీ కూడా తీస్తారు కాబట్టి పెట్ సీటీ.

ఇక్కడ మా బాబాయ్ కోసం ఒక ముక్క. ఆ హెక్సోకైనేజ్ తగిలించే ఫాస్ఫేట్ ఏటీపీ నుంచి వస్తుంది, కణాలు శక్తి కోసం వాడుకునే పదార్థం అది. ఆ ఏటీపీని కండరంలో కనిపెట్టిన వాళ్ళలో ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు, హార్వర్డ్ లో సైరస్ ఫిస్కే తో కలిసి, 1929లో, అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా విడిగా కనిపెట్టాడు. సుబ్బారావు గారు పుట్టింది భీమవరంలో. ఇది నేను స్కాన్ సెంటర్ లో కూర్చుని చెప్తే మా బాబాయ్ "మరి చూశావా అమ్మాయ్, మా ఊరాయన లేకపోతే ఈ స్కానే లేదు" అని మొదలెట్టి పక్కన కూర్చున్న వరంగల్ ఆయనకి, రిసెప్షన్ అమ్మాయికి, సెక్యూరిటీ గార్డుకి అందరికీ చెప్పాడు. ఆయన లేకపోయినా స్కాన్ ఉండేదే బాబాయ్ అన్నా వినలా. అయితే పిన్నికి వెన్నులోకి ఇచ్చిన మెథోట్రెక్సేట్ అనే కీమో మందు మాత్రం నిజంగానే ఆయన ఖాతాలోదే, న్యూయార్క్ దగ్గర లెడర్లీ లాబ్స్ లో ఆయన నడిపించిన బృందం తయారు చేసింది. దాని అక్కలాంటి అమినోప్టెరిన్ నే బోస్టన్ లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చి చూశాడు, ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి, సుబ్బారావు గారు పోయింది కూడా ఆ ఏడాదే. ఆయన గురించి మన స్కూల్ పుస్తకాల్లో ఒక పేరా ఉంటే గొప్ప, సరే ఆ గొడవ ఇక్కడొద్దు.

ఇక సందు సెంటర్. ఫోన్ చేస్తే ఒకావిడ ఎత్తారు, పేరు, వయసు తర్వాత వరసగా ప్రశ్నలు. బరువెంత, షుగర్ ఉందా, ఉంటే మాత్రలా ఇన్సులినా, మాత్రల పేర్లు చదవండి, మెట్‌ఫార్మిన్ ఉందా, ఈ మధ్య ఏమైనా ఆపరేషన్ అయిందా, బయాప్సీ ఎప్పుడు ఏ వైపు తీశారు, టీబీ ఎప్పుడైనా వచ్చిందా, ఈ మధ్య ఏమైనా టీకా వేయించుకున్నారా ఏ చేతికి, జ్వరం ఉందా, పక్కకి తిరక్కుండా ఇరవై నిమిషాలు వెల్లకిలా పడుకోగలరా. నాకు విసుగొచ్చింది, మీ దగ్గర స్కాన్ చేయించుకోవాలంటే ఇంటర్వ్యూ పాసవ్వాలా అన్నా. ఆవిడ నవ్వి, "అవన్నీ స్కాన్ లో వెలిగేవేనమ్మా, ముందే తెలిస్తే డాక్టరు గారు పొరబడరు" అన్నారు. ఈ ఒక్క మాట ఈ రివ్యూ అంత విలువ చేస్తుంది.

ఎందుకంటే చక్కెర తినేది క్యాన్సర్ ఒక్కటే కాదు. మెదడు మన బరువులో 2 శాతమే అయినా ఒంటికి కావాల్సిన శక్తిలో 20 శాతం దాకా తనే వాడుకుంటుంది, అందుకే ప్రతి ఒక్కరి స్కాన్ లోనూ తల ధగధగా ఉంటుంది, దాన్ని చూసి హడలిపోకండి, మెదడులో సంగతులకి ఎంఆర్ఐ యే చేస్తారు. చీము పట్టిన చోట, ఆపరేషన్ కుట్లు మానుతున్న చోట, టీకా వేసిన చేతి చంకలో గ్రంథులు, ఇవన్నీ వెలుగుతాయి. మన దేశంలో పెద్ద చిక్కు టీబీతో, టీబీ గ్రంథులు అచ్చం క్యాన్సర్ గ్రంథుల్లాగే మెరుస్తాయి, స్కాన్ చూసి ఇది అది అని తేల్చడం కుదరదు, ముక్క తీసి చూడాల్సిందే. కాబట్టి పెట్ లో వెలిగింది కాబట్టి క్యాన్సరే అని ఎవరన్నా అంటే, డిగ్రీలు ఎన్నున్నా సరే, బయాప్సీ ఏది అని అడగండి.

మెట్‌ఫార్మిన్ గొడవ ఏంటంటే, అది వాడేవాళ్ళలో పేగులు ఎఫ్‌డీజీని బాగా లాగేస్తాయి, పొట్టంతా వెలిగిపోయి అక్కడేమన్నా ఉన్నా దాని చాటున పోతుంది. పొట్ట భాగం ముఖ్యమైతే 48 గంటల ముందు ఆపమంటారు, అయితే మీ అంతట మీరు ఆపకండి, షుగర్ డాక్టర్ ని అడిగే ఆపాలి. పిన్నికి మొదటి స్కాన్ ముందు అలాగే ఆపించారు, ఆ రెండు రోజులు ఏం తినాలో కూడా ఫోన్ లోనే చెప్పారు. ముందు రోజు ఎక్కువ నడవద్దు, బరువులు ఎత్తొద్దు, మెట్లెక్కొద్దు అన్నారు, కండరాలు కష్టపడితే అవీ తింటాయి కదా. రాత్రి భోజనంలో అన్నం తగ్గించి కూర, గుడ్లు, పెరుగు పెట్టమన్నారు, ఆ తర్వాత కనీసం ఆరు గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు, కాఫీ కూడా వద్దు. గోదావరి జిల్లా మనిషికి పొద్దున్నే కాఫీ లేకుండా ఎలా ఉంటుందో మీకు తెలుసు, ఆ పొద్దున మా ఇంట్లో ఎవరూ తాగలా, వాసన వస్తుందని.

వెళ్ళగానే వేలు గుచ్చి షుగర్ చూశారు. 200 దాటితే సాధారణంగా చెయ్యరు, రక్తంలో మామూలు గ్లూకోజ్ ఎక్కువ ఉంటే ఎఫ్‌డీజీకి పోటీ వచ్చి గడ్డలు సరిగ్గా వెలగవు. పోనీ ఇన్సులిన్ ఇచ్చి దించేద్దాం అంటే అది ఇంకో తలనొప్పి, ఇన్సులిన్ కండరాల తలుపులు తెరిచేస్తుంది, మొత్తం కండరాల్లోకి పోతుంది, అందుకే ఇన్సులిన్ వేసుకున్నాక కనీసం నాలుగు గంటలు ఆగాలి. పిన్నికి 146 వచ్చింది, సరే అన్నారు.

తర్వాత వెయిటింగ్. ఇక్కడ చాలామంది సెంటర్ వాళ్ళని తిడతారు, టైమ్ ఇచ్చి కూర్చోబెట్టారు అని, నేనూ తిట్టుకున్నా, తర్వాత తెలిసింది ఇది కొంతవరకు వాళ్ళ చేతిలో లేదని. ఫ్లోరిన్ 18 కి సగం ఆయుష్షు 110 నిమిషాలు, అంటే ప్రతి 110 నిమిషాలకీ ఉన్నదాంట్లో సగం తరిగిపోతుంది. తెల్లవారుజామున సైక్లోట్రాన్ అనే, కణాల్ని విపరీతమైన వేగంతో తిప్పే మిషన్ లో ఆక్సిజన్ 18 ఉన్న నీటి మీద ప్రోటాన్లు కొట్టి ఫ్లోరిన్ తయారు చేసి, దాన్ని చక్కెరకి అంటించి, నాణ్యత చూసి, సీసం డబ్బాలో పెట్టి వ్యాన్ లో సెంటర్లకి పంపుతారు. ఆరింటికి తయారైన డోస్ తొమ్మిది నలభైకి పావు వంతే మిగులుతుంది. నిల్వ పెట్టుకునే సరుకు కాదు, ఆ రోజు వంట ఆ రోజే. వ్యాన్ ట్రాఫిక్ లో ఇరుక్కుంటే అంతే సంగతులు, ఉదయం బ్యాచ్ తేడా వస్తే ఆ రోజు అందరూ ఆకలితో కూర్చోవాల్సిందే. 1976 ఆగస్టులో మనిషికి మొట్టమొదట ఎఫ్‌డీజీ ఇచ్చింది ఫిలడెల్ఫియాలో, అబాస్ అలావీ అనే డాక్టర్ ఉన్న పెన్సిల్వేనియా యూనివర్సిటీలో, కానీ మందు తయారైంది న్యూయార్క్ లాంగ్ ఐలాండ్ లోని బ్రూక్‌హేవెన్ లాబ్ లో, అక్కడి నుంచి విమానంలో తెప్పించుకున్నారు. యాభై ఏళ్ళయినా ఆ పరుగు తప్పలేదు, ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద.

సందు సెంటర్ కి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇంజెక్షన్ తర్వాత గంటకి. డోస్ ఇచ్చాక దాదాపు గంట కదలకుండా పడుకోవాలి, మందు కణజాలంలోకి చేరడానికి. చిన్న గది, లైటు తగ్గించారు, ఏసీ మరీ చల్లగా లేదు, నర్స్ వచ్చి అడక్కుండానే రెండు దుప్పట్లు కప్పింది, ఫోన్ తీసేసుకుంది, మాట్లాడొద్దమ్మా, నమలొద్దు, ఊరికే కళ్ళు మూసుకోండి అంది. మాట్లాడితే గొంతు కండరాలు వెలుగుతాయి, మెడలో గడ్డలున్న మనిషికి అది చూసేవాళ్ళకి ఇబ్బంది. దుప్పటి సంగతి ఇంకా బాగుంటుంది. చలేస్తే మెడ కింద, కాలర్ ఎముకల వెనకాల ఉండే గోధుమరంగు కొవ్వు ఒంటిని వెచ్చబెట్టడానికి గ్లూకోజ్ ని మండిస్తుంది. ఈ కొవ్వు పసిపిల్లలకే ఉంటుంది పెద్దయ్యాక పోతుంది అనుకునేవాళ్ళు, పెట్ స్కాన్లలో పెద్దవాళ్ళకి మెడ పక్కన రెండు వైపులా సమానంగా వెలుగు కనబడుతుంటే ఏంటిది ఏంటిది అని తవ్వి, 2009లో బోస్టన్, నెదర్లాండ్స్, ఫిన్లాండ్ నుంచి మూడు బృందాలు ఒక వైద్య పత్రిక ఒకే సంచికలో అది పనిచేసే గోధుమరంగు కొవ్వే అని వేశారు. ఊబకాయం, షుగర్ పరిశోధనలో దాని మీద ఇప్పటికీ పని జరుగుతోంది. స్కాన్ చేసేవాళ్ళకి చిరాకు తెప్పించిన మరక కాస్తా ఒక కొత్త శాఖ అయికూర్చుంది. పిన్ని వయసు వాళ్ళలో తక్కువే, కుర్రవాళ్ళలో ముఖ్యంగా ఆడపిల్లల్లో ఎక్కువ, కాబట్టి మీ ఇంట్లో చిన్నవయసు పేషెంట్ అయితే స్వెటర్, సాక్సులు పట్టుకెళ్ళండి, ఎవరూ నవ్వరు.

స్కాన్ ముందు బాత్రూమ్ కి తప్పకుండా పంపిస్తారు. మామూలు గ్లూకోజ్ ని కిడ్నీ వెనక్కి లాక్కుంటుంది, ఎఫ్‌డీజీని అంతగా లాక్కోలేదు, అది మూత్రంలో పోతుంది, బ్లాడర్ నిండుగా ఉంటే చుట్టుపక్కల ఏమీ కనబడదు. మిషన్ లో ఇరవై నిమిషాల పైన పట్టింది, నొప్పేం లేదు, చేతులు తల మీదకి పెట్టి ఉంచడమే పిన్నికి కష్టమైంది.

ఇప్పుడు అద్దాల సెంటర్. లోపలికి అడుగు పెడితే స్టార్ హోటలే, సోఫాలు, పెద్ద టీవీ, అటెండర్లకి ఫ్రీ కాఫీ మిషన్. ఆరు గంటలుగా ఏమీ తినని మనుషులు కూర్చునే హాల్లో కాఫీ మిషన్ పెట్టిన మహానుభావుడెవరో గానీ ఒకసారి ఆయన్ని కూడా పస్తుంచి అక్కడ కూర్చోబెట్టాలి. మిషన్ మాత్రం నిజంగా కొత్తది, డిజిటల్ డిటెక్టర్లట, పది నిమిషాల్లో అయిపోయింది, బొమ్మలు కూడా చాలా షార్ప్ గా ఉన్నాయని తర్వాత మా డాక్టరే అన్నారు. టైమ్ అంటే టైమ్, ఆన్‌లైన్ పేమెంట్, రిపోర్ట్ సాయంత్రానికి ఫోన్ లోకి. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే.

కానీ ఫోన్ లో అడిగింది రెండే, పేరూ, డబ్బు కట్టే పద్ధతీ. మెట్‌ఫార్మిన్ గురించి నేనే చెప్పబోతే "పర్లేదు మేడమ్ ఫాస్టింగ్ లో రండి చాలు" అన్నారు. కీమో ఎప్పుడైంది అని అడగలా. తెల్లకణాలు పెరగడానికి పొట్ట మీద వేసే ఇంజెక్షన్ ఎప్పుడేశారు అని అసలే అడగలా. పాత స్కాన్ సీడీ తెచ్చాం అంటే కౌంటర్ అమ్మాయి దాన్ని ట్రేలో పెట్టింది, వెళ్ళేటప్పుడు అదే ట్రేలోంచి తీసి ఇచ్చింది. ఇంజెక్షన్ తర్వాత కూర్చోబెట్టిన చోట ఏసీ ఫుల్లు, దుప్పటి అడిగితే లాండ్రీకి వెళ్ళాయి అన్నారు, నలుగురు పేషెంట్లు ఒకే హాల్లో, ఒకాయన గంటసేపు ఫోన్ లో స్థలం బేరం ఆడుతూనే ఉన్నాడు.

సాయంత్రం రిపోర్ట్ వచ్చింది. మెడలో, ఛాతీలో గడ్డలు బాగా తగ్గాయి అని ఉంది, ఆ లైను దగ్గరే ఆగి ఉంటే హాయిగా ఉండేది. కింద వెన్నెముక, తుంటి, తొడ ఎముకల మూలుగంతా వెలుగుతోంది, పేగులన్నీ వెలుగుతున్నాయి, వ్యాధి వ్యాపించే అవకాశాన్ని కొట్టిపారేయలేం, క్లినికల్ కోరిలేషన్ చేసుకోండి, అంటే రోగి పరిస్థితితో పోల్చి మీరే తేల్చుకోండి, అని రాశారు. ఈ క్లినికల్ కోరిలేషన్ అనే మాట ఎన్ని ఇళ్ళల్లో రాత్రి నిద్రలు చెడగొట్టిందో. బాబాయ్ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు, పిన్నికి మేం చెప్పలేదు గానీ మొహాలు చూస్తే తెలీదా ఏంటి, "ఎముకల్లోకి వెళ్ళిందా ఏంటే, చెప్పండి పర్లేదు" అంది.

మర్నాడు మా ఆంకాలజిస్ట్ రిపోర్ట్ చదవకుండానే ముందు బొమ్మలు చూశారు. తెల్లకణాల ఇంజెక్షన్ ఎప్పుడేశాం అని తన ఫైల్ తిరగేసి, అది మూలుగుని గట్టిగా పనిలో పెడుతుంది, పనిలో ఉన్న మూలుగు గ్లూకోజ్ తింటుంది, ఎముకలన్నీ ఒకే తీరుగా సమానంగా వెలిగాయి కాబట్టి ఇది మందు పని, జబ్బయితే అక్కడక్కడ మచ్చల్లా ఉండేది, మొదటి స్కాన్ లో మూలుగు శుభ్రంగా ఉంది కూడా అన్నారు. పేగులు మెట్‌ఫార్మిన్ వల్ల. రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఆ రెండు నిమిషాల సమాచారం ముందు రోజు స్కాన్ సెంటర్ వాళ్ళు అడిగి ఉంటే ఆ రాత్రి మాకు లేదు. ఆ ఇంజెక్షన్ తర్వాత వీలైతే రెండు వారాలు ఆగి స్కాన్ చేయించమంటారు, మధ్యలో చేసే స్కాన్ ని తర్వాతి కీమోకి వీలైనంత దగ్గరగా పెట్టమనేది కూడా అందుకే. కీమో మొత్తం అయ్యాక అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు, రేడియేషన్ ఇస్తే మూడు నెలలు, అంతకంటే ముందు చేస్తే మంట, వాపు కూడా వెలిగి బుర్ర తినేస్తుంది.

అద్దాల సెంటర్ వాళ్ళకి ఫోన్ చేసి పాత స్కాన్ తో పోల్చి మళ్ళీ రాయమని అడిగాం, మొదట కుదరదన్నారు, డాక్టర్ గారితో లెటర్ ఇప్పిస్తే సరే అన్నారు, నాలుగో రోజు సవరించిన రిపోర్ట్ ఇచ్చారు, అందులో డ్యూవిల్ స్కోర్ 3 అని ఉంది. దీనికి ఎక్స్‌ట్రా డబ్బులు అడగలేదు, ఆ మాత్రం మంచి ఉంది. పాత స్కాన్ తో పోల్చి రాయించుకోవడం మీ హక్కు, మొహమాటపడకండి.

డ్యూవిల్ అనేది లింఫోమా వాళ్ళు తెలుసుకోవాల్సిన మాట, ఫ్రాన్స్ లో ఒక ఊరు, అక్కడ 2009లో డాక్టర్లు కూర్చుని ఈ అయిదు మెట్ల లెక్క పెట్టుకున్నారు. గడ్డ అసలు వెలగకపోతే 1, ఛాతీలో రక్తనాళాల వెలుగు కంటే మించకపోతే 2, దానికంటే ఎక్కువై లివర్ కి మించకపోతే 3, లివర్ కంటే కాస్త ఎక్కువైతే 4, బాగా ఎక్కువైతే లేదా కొత్త చోట వస్తే 5. ఒకటి నుంచి మూడు దాకా మామూలుగా మందు బాగా పనిచేసినట్టే తీసుకుంటారు. గడ్డ సైజు పూర్తిగా తగ్గకపోయినా లోపల తినడం ఆగిపోతే మిగిలింది మచ్చే అని ఈ స్కాన్ చెప్పగలదు, సీటీ ఒక్కదానితో ఆ సంగతి తెలీదు, లింఫోమాలో దీని విలువంతా ఇక్కడే ఉంది. రిపోర్ట్ లో ఈ నంబర్ లేకపోతే అడిగి రాయించుకోండి. ఎస్‌యూవీ అని, గడ్డ ఎంత ఎఫ్‌డీజీ లాక్కుందో చెప్పే ఇంకో నంబర్ ఉంటుంది, దాన్ని మాత్రం ఈ సెంటర్ 8, ఆ సెంటర్ 6, అమ్మయ్య తగ్గింది అని మీరు లెక్కలేసుకోకండి, మిషన్ మారినా, షుగర్ మారినా, ఇంజెక్షన్ తర్వాత గంట బదులు గంటన్నర ఆగినా ఆ నంబర్ మారిపోతుంది. అందుకే వీలైతే అన్ని స్కాన్లూ ఒకే చోట చేయించమంటారు.

రేట్లు. సందు సెంటర్ లో ₹16,000 అయింది, అద్దాల సెంటర్ లో ₹21,000. ఇవి మేము కట్టినవి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, ఇన్సూరెన్స్ ఉంటే స్కాన్ ముందే అప్రూవల్ అడగండి, అడ్మిట్ అవ్వకుండా చేసిన స్కాన్ ని కొన్ని పాలసీలు ఇవ్వవు.

రేడియేషన్ గురించి ఇంట్లో అందరూ అడిగారు. మామూలుగా ఇచ్చే 10 మిల్లీక్యూరీల డోస్ కి ఎఫ్‌డీజీ వాటా 7 మిల్లీసీవర్ట్‌ల దగ్గర్లో ఉంటుంది, సీటీ వాటా దాని పైన, అది సీటీ ఏ రకంగా తీశారన్న దాన్ని బట్టి మారుతుంది. మనం ఊరికే భూమ్మీద ఉన్నందుకే ప్రపంచ సగటున ఏడాదికి 2.4 పడుతుంది. క్యాన్సర్ ట్రీట్‌మెంట్ లో ఉన్న మనిషికి ఇది పట్టించుకోవాల్సిన భయం కాదు, కాకపోతే ఆ రోజంతా నీళ్ళు బాగా తాగాలి, కొన్ని గంటలు గర్భిణీలకి పసిపిల్లలకి దూరంగా ఉండాలి. మా పాపని ఆ రాత్రి మా అత్తగారింటికి పంపించాం, పిన్ని మర్నాడు పొద్దున్నే దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

ఇంకో సంగతి, అద్దాల సెంటర్ గోడ మీద "హోల్ బాడీ హెల్త్ చెకప్, పెట్ సీటీతో" అని ప్యాకేజీ బోర్డు ఉంది. ఏ జబ్బూ లేని మనిషి దీని జోలికి పోకండి. ఇందాక చెప్పిన వెలుగులన్నీ మీకూ ఉంటాయి, ప్రతి వెలుగుకీ ఒక బయాప్సీ, ఒక నెల భయం. పైగా అన్ని క్యాన్సర్లూ దీనికి దొరకవు, నెమ్మదిగా పెరిగే ప్రోస్టేట్ క్యాన్సర్ లాంటివి చక్కెర అంతగా తినవు, దానికి గాలియం 68 తో పీఎస్ఎంఏ అని వేరే స్కాన్ ఉంది, అందులో గాలియం బదులు లుటీషియం 177 తగిలిస్తే అదే ట్రీట్‌మెంట్ కూడా అవుతుంది. మరీ చిన్న గడ్డలు, కొన్ని మిల్లీమీటర్లవి, ఏ పెట్ కీ కనబడవు. కాబట్టి క్లీన్ రిపోర్ట్ అంటే ఒంట్లో ఒక్క కణం కూడా లేదని కాదు, ఫాలో అప్ మానకూడదు.

సందు సెంటర్ లో అన్నీ బాగున్నాయని కాదు. లిఫ్ట్ సగం రోజులు పనిచెయ్యదు, మెట్లెక్కొద్దని వాళ్ళే చెప్పి మూడో అంతస్తులో సెంటర్ పెట్టారు, మేము పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి ఎక్కించాం. పార్కింగ్ లేదు. ఇంజెక్షన్ అయినవాళ్ళకి విడిగా బాత్రూమ్ ఉంది గానీ తలుపు గడియ సరిగ్గా పడదు. రిపోర్ట్ కి రెండు రోజులు. మిషన్ పాతది, అయినా న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరు గారు స్వయంగా వచ్చి పిన్ని మెడ తడిమి చూసి, పాత బయాప్సీ మచ్చ ఎక్కడుందో రాసుకున్నారు, చివరి స్కాన్ రిపోర్ట్ లో వెనకటి రెండు స్కాన్లతోనూ గడ్డ గడ్డకీ పోల్చి రాశారు. డ్యూవిల్ 2. నా రేటింగ్ సందు సెంటర్ కి 4, అద్దాల సెంటర్ కి రెండున్నర, ఆ అర కూడా సవరించిన రిపోర్ట్ ఇచ్చినందుకు.

వెళ్ళేవాళ్ళు పట్టుకెళ్ళాల్సినవి: బయాప్సీ రిపోర్ట్, చివరి కీమో తేదీ, తెల్లకణాల ఇంజెక్షన్ తేదీ, వాడే మాత్రలన్నీ ఒక కాగితం మీద, పాత స్కాన్ సీడీ. సీడీ అంటే రిపోర్ట్ కాగితం ఫోటో కాదు, అసలు బొమ్మలుండే సీడీ, దాన్ని లోపలికి డాక్టర్ దాకా పంపించారో లేదో అడగండి, ట్రేలో వదిలేయనివ్వకండి. బంగారం ఇంట్లో పెట్టి వెళ్ళండి, అక్కడ ఎలాగూ తీయమంటారు. స్కాన్ అవ్వగానే తినడానికి ఏదన్నా డబ్బాలో పట్టుకెళ్ళండి, సందు సెంటర్ చుట్టుపక్కల ఆ టైమ్ కి టిఫిన్లు అయిపోతాయి, పిన్నికి మేము ఉప్మా తీసుకెళ్ళాం, ఫ్లాస్క్ లో కాఫీ కూడా.